తోట మందు పంపు గాలి చీపురైన వైనం

పుష్య మాఘ మాసాలలో నూజివీడు పరిసరాల మామిడి తోటలలోకి ఉదయం పూట వెళ్ళినవారికి పూత వాసన కంటె ముందు మోటారు రొద ఎదురవుతుంది. చిన్న రసాల చెట్టు కింద ఒక మనిషి నిలబడి ఉంటాడు. వీపున ఇంజను, ఇంజను మీద మందు తొట్టి, చేతిలో ఏనుగు తొండం వంటి గొట్టం. ఆ గొట్టం నుండి వెలువడే గాలి తెల్లని తుంపరను మోసుకొని పూత గుత్తులలోకి చొరబడుతుంది. తేనెమంచు పురుగును, బూడిద తెగులును అణచడానికి చేసే పని ఇది. పెద్ద తోటలలో ఈ పనికి ట్రాక్టరు పంపులు వచ్చినవి గాని, వీపు యంత్రానికి చోటు పూర్తిగా పోలేదు.

ఆ యంత్రం నుండి మందు తొట్టిని, మందు దిగే సన్న గొట్టాన్ని ఊడదీసినారనుకొందాం. మిగిలేవి ఇంజను, పంకా, గాలి గొట్టం. అమెరికా పట్టణాలలో ఇళ్ళ ముంగిళ్ళలో రాలిన ఆకులను ఒక మూలకు తరిమే లీఫ్ బ్లోయర్ అనగా సరిగ్గా ఇదే. ఈ పోలిక కాకతాళీయం కాదు. తోటమందు యంత్రమే ముందు పుట్టినది. దాని తొట్టిని ఊడదీసినవారే ఆకులు ఊడ్చే యంత్రానికి మూలపురుషులు.

గాలిచేత పని చేయించుకోవడం తెలుగు రైతుకు కొత్త కాదు. కళ్ళంలో చేటతో ధాన్యాన్ని ఎత్తిపోస్తూ తూర్పారబట్టేటప్పుడు గట్టి గింజ తిన్నగా కిందికి పడుతుంది. తాలు, పొట్టు దూరంగా కొట్టుకొనిపోతాయి. అయితే గాలి వీచని నాడు చేట పట్టుకొని ఆకాశం వైపు చూడవలసిందే. చైనావారు ఈ ఇబ్బందిని రెండు వేల ఏండ్ల క్రిందటనే తప్పించుకొన్నారు. చేతితో త్రిప్పే పంకాను ఒక పెట్టెలో బిగించి, కావలసినప్పుడు కావలసినంత గాలిని పుట్టించినారు. హాన్ వంశపు రాజుల కాలంనాటి సమాధులలో అట్టి తూర్పార యంత్రాల మట్టి బొమ్మలు దొరికినవి. ఐరోపాకు ఆ యంత్రం 18వ శతాబ్దపు ఆరంభంలో గాని చేరలేదు. గనులలోకి మంచి గాలిని పంపే పంకాలు మాత్రం అక్కడ అంతకుముందే ఉండేవి. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథంలో వాటి బొమ్మలున్నవి. 1730లలో దెసాగులియే అనే శాస్త్రజ్ఞుడు లండనులోని పార్లమెంటు సభలో పోగయ్యే చెడు గాలిని లాగివేయడానికి ఒక పెద్ద పంకా చక్రాన్ని అమర్చినాడు. దానిని త్రిప్పే మనిషిని 'వెంటిలేటర్' అని పిలిచేవారు. ఈ మాట మొదట మనిషికి, ఆ తరువాత గోడలోని కన్నానికి చెల్లడం వింతే.

ఈ పంకాల పనితీరు సులభమైనది. రేకులు వేగంగా తిరిగినప్పుడు వాటి నడుమనున్న గాలి అంచులకు విసరబడుతుంది. అంచున ఒత్తిడి పెరిగి గాలి గొట్టంలోకి తోసుకొనిపోతుంది. నడుమ వెలితి ఏర్పడి, ఆ వెలితిని నింపడానికి బయటి గాలి లోనికి వస్తుంది. అనగా ఒకే పంకా ఒక ముఖాన ఊదుతుంది, మరొక ముఖాన పీలుస్తుంది. పొడవైన గొట్టాన్ని ఊదే ముఖానికి తగిలిస్తే బ్లోయర్. పీల్చే ముఖానికి తగిలించి, ఊదే ముఖానికి ఒక సంచి కడితే వాక్యూమ్.

ఊదడం మేలా, పీల్చడం మేలా అన్న ప్రశ్న ఆకుల కంటె ముందు కుర్చీల విషయంలో వచ్చినది. 1901 ప్రాంతాన లండనులోని ఒక నాటకశాలలో దుమ్మును గాలితో ఊది వదిలించే యంత్రాన్ని ప్రదర్శించినారు. హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు అది చూసి, ఊదడం ఎందుకు, దుమ్మును పీల్చివేయరాదా అని అడిగినాడు. అది సాధ్యం కాదన్నారు. తరువాత బూత్ ఒక భోజనశాలలో కుర్చీ మీద చేతిరుమాలు పరచి, దానికి నోరానించి గట్టిగా పీల్చినాడట. రుమాలు అడుగున దుమ్ము మరక కట్టినది. ఆ ఏడే అతడు పెట్రోలు ఇంజనుతో నడిచే పీల్చు యంత్రాన్ని గుర్రపు బండి మీద ఎక్కించి వీధులలో త్రిప్పినాడు. ఊదిన దుమ్ము ఇంకొక చోట దిగుతుందన్నది బూత్ గ్రహించిన సంగతి. బ్లోయర్ల చరిత్రలో ఇది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

తోటల వైపు నుండి కథ ఫ్రాన్సులో మొదలయినది. ద్రాక్షకు సోకిన తెగులును మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అరికడుతుందని మిల్లార్డే 1885లో వెల్లడించినాడు. ఆ మందును ఆకుల మీద సమంగా పడేటట్లు చేయాలి కదా! ఆ దశకంలోనే వెర్మొరెల్ వంటి తయారీదారులు వీపున మోసే చేతి పంపులను చేయసాగినారు. ద్రాక్షతీగ మనిషి ఎత్తులో ఉంటుంది కాబట్టి చేతి పంపు చాలినది. నూజివీడు రసాల చెట్టు సంగతి వేరు. పాత తోటలలో ముప్పయి నలభై అడుగుల ఎడంతో నాటిన చెట్లు కొమ్మలు చాచి పందిరిలా కమ్ముకొని ఉంటాయి. పూత వచ్చేది కొమ్మల చివరన, ఎక్కువగా మీద భాగాన. చేతి పంపుకు పొడవాటి గడ కట్టినా మందు అడుగు కొమ్మలను తడిపి నేలకు కారిపోయేది.

దీనికి విరుగుడుగా, నీటిని బలంగా విసరడం మాని, గాలిచేత మోయించాలనే ఆలోచన వచ్చినది. 1930లలో ఫ్లోరిడా నారింజ తోటలలో పెద్ద పంకాల బండ్లు తిరగసాగినవి. చెట్టు లోపలి గాలిని బయటికి నెట్టి, ఆ చోటును మందు తుంపర కలిసిన గాలితో నింపడం వాటి పని. ఆ బండిని మనిషి వీపు మీదికి తేవాలంటే తేలికైన ఇంజను కావాలి. అది అప్పటికే ఉన్నది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1890 ప్రాంతాన టూస్ట్రోక్ ఇంజనును రూపొందించినాడు. ముషలకం పైకి, కిందికి కదిలేటప్పుడు తానే రంధ్రాలను మూసి తెరుస్తుంది. భాగాలు తక్కువ, బరువు తక్కువ. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ, జపాను మొదలైన దేశాలలో ఇట్టి ఇంజనుకు పంకాను, తొట్టిని జతచేసి వీపు యంత్రాలను తయారు చేసినారు. పశ్చిమ ఆఫ్రికాలో కోకో తోటలను పీల్చే పురుగుల నుండి కాపాడడానికి ఇవి పెద్ద సంఖ్యలో వాడబడినవి.

గాలి చేసే మేలు ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. వేగంగా పోయే గాలి మందు ధారను చీల్చి సన్నని బిందువులుగా చేస్తుంది. 400 మైక్రాన్ల వ్యాసం గల ఒక బిందువును 100 మైక్రాన్ల బిందువులుగా విడగొడితే 64 బిందువులు వస్తాయి. వాటన్నిటి అడ్డుకోత వైశాల్యం మొదటి బిందువుకు నాలుగు రెట్లు. అంతే మందు నాలుగింతల ఆకును కప్పగలదన్నమాట. కాని దీనికి ఇంకొక ముఖం ఉన్నది. 400 మైక్రాన్ల బిందువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్లు దిగుతుంది. 100 మైక్రాన్లది పావు మీటరు మాత్రమే. పది మీటర్ల ఎత్తు నుండి నేలకు చేరడానికి మొదటిదానికి ఏడు సెకన్లు చాలు, రెండవదానికి నలభై కావాలి. సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి వీస్తున్నా, మొదటిది 14 మీటర్లు, రెండవది 80 మీటర్లు పక్కకు పోతుంది. 80 మీటర్ల దూరంలో పొరుగువాని బావి ఉండవచ్చును, బడి ఉండవచ్చును. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై హెలికాప్టర్ల నుండి ఎండోసల్ఫాన్ చల్లిన ఫలితం దేశమంతటికీ తెలుసు. సుప్రీంకోర్టు 2011 మే నెలలో ఆ మందును దేశమంతటా నిలిపివేసినది. మామిడిలో తేనెమంచు పురుగుకు ఏండ్ల తరబడి సిఫారసు చేసిన కార్బరిల్ కూడ 2018లో నిషేధానికి గురియైనది.

అమెరికాలో వీపు యంత్రాలు అమ్మేవారు ఒక విచిత్రాన్ని గమనించినారు. కొన్నవారిలో పలువురు మందు భాగాలను ఊడదీసి, గాలిని మాత్రం వాడుకొంటున్నారు. దీనితో తొట్టి లేని యంత్రాలే తయారయి బజారుకు వచ్చినవి. జపానుకు చెందిన కియోరిట్జ్ సంస్థ 1972లో అమెరికాలో శాఖను నెలకొల్పినది. దాని ఎకో యంత్రాలు త్వరలోనే పేరుపొందినవి. 1976-77లో కాలిఫోర్నియాలో తీవ్రమైన అనావృష్టి ఏర్పడినది. ముంగిళ్ళను నీటితో కడగరాదని ఆంక్షలు రావడంతో గాలితో ఊడ్చేవారు ఎక్కువైనారు. 1990 నాటికి ఆ దేశంలో ఏడాదికి ఎనిమిది లక్షలకు పైగా బ్లోయర్లు అమ్ముడుపోయినవి.

ఫిర్యాదులు కూడ అంత వేగంగానే పెరిగినవి. సముద్ర తీరాన ఉన్న కార్మెల్ పట్టణం 1975లోనే వీటిని నిషేధించినది. మొదటి అభ్యంతరం రొద. రెండవది దుమ్ము: ఆకుతో పాటు నేల మీది మట్టి, పేడ పొడి, బూజు గింజలు లేచి పక్క ఇంటిలో దిగుతాయి. మూడవది టూస్ట్రోక్ ఇంజనులోనే ఉన్న లోపం. కొత్త పెట్రోలు మిశ్రమం సిలిండరులోకి వచ్చేటప్పుడు పొగ పోయే ద్వారం కూడ తెరచియే ఉంటుంది. అందుచేత పోసిన ఇంధనంలో సుమారు మూడవ వంతు పూర్తిగా కాలకుండానే బయటికి పోతుందని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 2000లో శాసనసభకు ఇచ్చిన నివేదికలో చెప్పినది. ఇంజనుకు తేలికదనం ఇచ్చిన నిర్మాణమే గాలిని పాడు చేసినది. అక్కడ 2021లో ఒక చట్టం వచ్చి, 2024 నుండి తయారయ్యే కొత్త తోట యంత్రాలు పొగలేనివై ఉండాలని నియమం ఏర్పడినది.

రొద సంగతి బడి పిల్లలే లెక్క వేయవచ్చును. 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య శాస్త్రజ్ఞుల సూచన. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. పెట్రోలు బ్లోయరు మోసేవాని చెవి వద్ద ధ్వని 100 డెసిబెల్ల వరకు ఉండవచ్చును. ఆ లెక్కన చెవిమూతలు లేకుండా పని చేయదగినది 15 నిమిషాలు. మామిడి పూత మీద మందు కొట్టే కూలి ఉదయం నుండి పొద్దెక్కేవరకు మోస్తాడు. తలకు తువ్వాలు చుట్టుకోవడం చెవులకు రక్షణ కాదు, ముక్కుకూ కాదు.

పీల్చే యంత్రం చేసిన మేలు ఒకటి ఈ చరిత్రలో అంతగా ప్రచారానికి రాలేదు. 1959లో కాలిఫోర్నియాలో డీట్రిక్, ష్లింగర్, వాన్ డెన్ బాష్ అనే ముగ్గురు కీటక శాస్త్రజ్ఞులు మొక్కల మీది పురుగులను గాలితో పీల్చి సంచిలో పట్టే యంత్రాన్ని వర్ణించినారు. ఆ సంవత్సరమే వాన్ డెన్ బాష్ మరి ముగ్గురితో కలిసి, పురుగు కనబడగానే మందు కొట్టరాదని, దాని సంఖ్య నష్టం కలిగించే స్థాయికి చేరుతున్నప్పుడే కొట్టాలని ప్రతిపాదించినాడు. నేటి సమగ్ర సస్యరక్షణకు పునాది అదే. సంఖ్య తెలియాలంటే లెక్కించే సాధనం కావాలి కదా! 1995లో ఇంగ్లండులో స్టీవర్ట్, రైట్ అనేవారు బజారులో దొరికే ఆకుల బ్లోయరునే త్రిప్పి, పీల్చే గొట్టానికి వల తొడిగి, చవుకగా ఈ పని సాధించినారు. మందు కొట్టడానికి పుట్టిన యంత్రం, మందు ఎప్పుడు అక్కరలేదో చెప్పే యంత్రమైనది.

నూజివీడు తోటలో ఇట్టి యంత్రం కొనదలచినవారు చూడవలసినవి రెండు అంకెలు: గాలి ఎంత వేగంగా వస్తుంది, నిమిషానికి ఎంత గాలి వస్తుంది. అమ్మేవారు వేగాన్నే గొప్పగా చెబుతారు. వేగం నేలకు అంటుకొన్న ఆకును లేపుతుంది. లేచిన ఆకును దూరం చేర్చేది, చెట్టు గుబురులోకి తుంపరను మోసేది గాలి పరిమాణం. పైగా అదే పంకాను రెట్టింపు వేగంతో త్రిప్పాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఆ శక్తి వీపు మీద బరువుగా, తొట్టిలో పెట్రోలుగా కనబడుతుంది. నిండు తొట్టితో యంత్రం ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి పట్టీలు, కుదుపును తగ్గించే దిండ్లు కూడ పరీక్షించాలి. ఇంజను ఆయిలును తయారీదారు చెప్పిన పాళ్ళలోనే పెట్రోలుకు కలపాలి. తక్కువైతే ముషలకం పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. వాక్యూమ్ కొనేవారు లోపలి పంకా లోహంతో చేసినదో ప్లాస్టిక్కో అడిగి తెలుసుకోవాలి. ఆకులతో పాటు మామిడి టెంక, గులకరాయి లోనికి పోతే ప్లాస్టిక్ రేకు నిలవదు. తడి ఆకు గొట్టానికి అడ్డుపడుతుంది కాబట్టి మంచు ఆరిన తరువాతనే పని. చెత్త అడ్డుపడినప్పుడు ఇంజను ఆపకుండా గొట్టంలో చేయి పెట్టరాదు.

అసలు తోటలో ఆకును ఊడ్చాలా? సిమెంటు ముంగిలి, బడి ఆవరణ, పండ్లు ఆరబోసే కల్లం వేరు. అక్కడ రాలినది తీయవలసిందే. ఎర్ర చెలక నేలలో చెట్టు పాదు మీద పరచుకొన్న మామిడి ఆకు వేసవి ఎండకు గొడుగు; దానిని ఊదివేస్తే తేమ ఆవిరవుతుంది, లేచిన ఎర్ర దుమ్ము పూత మీదనే కూర్చుంటుంది. తేనెమంచు పురుగు పూత లేని కాలంలో బెరడు పగుళ్ళలో దాగుతుంది. నేల మీది ఆకును తీసినంత మాత్రాన అది పోదు. తీయవలసినవి రాలిన పుచ్చుకాయలు, ఎండిన తెగులు పుల్లలు. కాయలో పండు ఈగ పురుగులు ఉంటాయి, అవి మట్టిలోకి దిగి కోశస్థ దశ గడుపుతాయి. వీటిని ఏరడానికి గాలి పనికిరాదు, చేయి, గంప కావాలి. బాటల మీద మిగిలే ఆకును తగులబెట్టేవారున్నారు. మామిడి ఆకు తోలువలె గట్టిది, త్వరగా కుళ్ళదు. కాని వాక్యూమ్ పంకా గుండా పోయి ముక్కలైన ఆకు పేడతో కలిపి గుంటలో వేస్తే చాలా ముందుగా ఎరువవుతుంది. ఆ ఎరువు తిరిగి పాదులోకి వెళుతుంది.