సెంట్రల్ పార్క్ కింద ఒక ఊరు



ఊరి మధ్య పచ్చని చోటు ఎందుకుండాలని మన పిల్లల్ని అడిగితే, బడిలో నేర్చుకున్న జవాబు టక్కున చెప్తారు. చెట్లు గాలిని శుభ్రం చేస్తాయి, వేడిని తగ్గిస్తాయి, వాననీటిని నేలలోకి దింపుతాయి. అంతా నిజమే. కాని ఆ చోటు ఎలా వచ్చిందో, ఎవరి నేల మీద వచ్చిందో కూడా వాళ్ళకి చెప్పాలని నా అభిప్రాయం. అందుకే ఈవేళ మనలో చాలామంది చూసిన సెంట్రల్ పార్క్ సంగతి ఎత్తుకున్నాను.

1850 నాటికి న్యూయార్క్ జనాభా అయిదు లక్షలు దాటింది. చాలామంది మన్‌హాటన్ దక్షిణపు కొసలోనే కిక్కిరిసి బతికేవారు. 1832లో ఒకసారి, 1849లో మరోసారి కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. పచ్చిక మీద కాసేపు కూర్చోవాలంటే జనం బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానానికి షికారు వెళ్ళేవారు! ఈ మాట వినగానే పిల్లలు నవ్వుతారు, ఆ తర్వాత ఆలోచనలో పడతారు. కవి, పత్రికా సంపాదకుడు విలియం కల్లెన్ బ్రయంట్ ఊరికి పెద్ద పార్కు కావాలని 1844లోనే రాశాడు. 1853లో రాష్ట్ర శాసనసభ స్థల సేకరణకు చట్టం చేసింది.

ఆ స్థలం ఖాళీ బీడేమీ కాదు. అక్కడ సుమారు 1,600 మంది ఉండేవారు. 82, 89 వీధుల మధ్య ఉన్న ఊరి పేరు సెనెకా విలేజ్. 1825లో ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు మూడు స్థలాలు కొనడంతో అది మొదలైంది. 1855 నాటికి దాదాపు 225 మంది జనం, మూడు చర్చిలు, ఒక బడి. మూడింట రెండొంతులు నల్లవాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐరిష్‌వాళ్ళు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో నల్లజాతి మగవాడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలి. తెల్లవాళ్ళకి ఆ షరతు లేదు. కాబట్టి ఆ జానెడు నేల ఇల్లు మాత్రమే కాదు, ఓటు కూడా.

1857లో అందర్నీ ఖాళీ చేయించారు. సొంతదారులకి పరిహారమైతే ఇచ్చారు, అది చాలదని మొరపెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడు ఓమ్‌స్టెడ్, వాక్స్‌ల నమూనా పోటీలో గెలిచింది. ఇప్పుడు 843 ఎకరాల ఆ పార్కు కోట్లమందికి ఊపిరి. ఊరిని మాత్రం నూరేళ్ళకి పైగా మరిచిపోయారు. 2001లో అక్కడ ఒక ఫలకం పెట్టారు. 2011 తవ్వకాల్లో ఇళ్ళ పునాదులు, ఇనప కెటిల్, ఒక చిన్నపిల్ల చెప్పు దొరికాయి.

ఇది చెప్తే పిల్లలకి పార్కంటే విముఖత కలగదా అని మీరడగవచ్చు. కలగదు. వాళ్ళడిగేది ఒకటే: "ఊరినీ ఉంచి, పార్కూ కట్టలేకపోయారా?" రేపు ఏ నగరసభలోనైనా పెద్దలు అడగవలసిన ప్రశ్న కూడా అదే కదా!

మన హైదరాబాదులోనే చూడండి. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైతే, పక్కనున్న విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూల్చివేతను ఆపించింది. నేల ఎవరిది, ఎవరికోసం అని అడగడం తెలిసిన పిల్లలే పచ్చదనాన్ని కాపాడగలరు.

ఈసారి సెంట్రల్ పార్క్‌కి వెళ్ళినప్పుడు పడమటివైపు 85వ వీధి దగ్గర లోపలికి అడుగుపెట్టండి. అక్కడ ఫలకాలుంటాయి, మీ పిల్లల చేతే చదివించండి.