క్రైస్తవుల విశ్రాంతిదినము: అర్థము, చరిత్రము

ఆదివారము సెలవు అనునది మనకు గాలివలె నీటివలె సహజమైపోయినది. బడులు మూయుదురు, కచేరీలు మూయుదురు. ఎవరు మూయుమనిరని అడుగువారు లేరు. మహారాష్ట్రమున తెలుగు బోధించుకొను పంతులునైన నాకును ఆ ప్రశ్న చాలకాలము తోచలేదు. మన తెలుగు బడిలో చేరు పిల్లలు ఏటేట తగ్గుచుండుటచే, ఇంగ్లీషు, మరాఠీ బడులలో చదువు మనవారి పిల్లలకు ఆదివారము ఉదయము రెండు గంటలు అక్షరములు నేర్పుట మొదలిడితిమి. ఒక క్రైస్తవ కుటుంబపు బాలిక మూడు వారములు వచ్చి మానినది. తండ్రిని విచారింపగా ఆయన వినయముగా, "తెలుగు వద్దని కాదు పంతులుగారూ, ఆదివారము మాది కాదు, దేవునిది" అనెను. ఆ మాట నన్ను గ్రంథములు తిరుగవేయునట్లు చేసినది.

మొదట పదమును చూతము. హీబ్రూ భాషలో 'షబ్బాత్' అను మాటకు మూలమైన ధాతువునకు ఆపుట, మానుట అని అర్థము. తెలుగు బైబిలులో దీనిని విశ్రాంతిదినము అనిరి. చక్కని మాటయే, కాని సంస్కృతమున శ్రమ లేనిదే విశ్రాంతి లేదు. అలసట తీరుటయే దాని వ్యుత్పత్తి. ఆదికాండము రెండవ అధ్యాయమున దేవుడు ఆరు దినములు సృష్టిచేసి ఏడవ దినమున విశ్రమించెనని యున్నది. దేవునికి అలసట యెక్కడిది? ఆయన అలయడని యెషయా గ్రంథమే చెప్పుచున్నది. కావున ఇచ్చట చెప్పబడినది బడలిక తీర్చుకొనుట కాదు. కుండ పూర్తియైన పిదప కుమ్మరి సారె ఆపి దానివంక చూచునట్లు, పని ముగిసినదని చేయి ఆపుట. పనికి తుది యున్నదని ఒప్పుకొనుటయే ఆ దినమునకు ప్రాణము. విశ్రాంతి యను మాట వినగానే నిద్ర, తీరిక తలపునకు వచ్చు మనకు ఈ భేదము చెప్పవలసియున్నది.

పది ఆజ్ఞలలో ఈ దినమును గూర్చిన ఆజ్ఞ రెండు చోట్ల వచ్చును. ఆశ్చర్యమేమనగా రెండు చోట్ల కారణము ఒకటి కాదు. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయమున సృష్టి కారణముగా చెప్పబడినది. ద్వితీయోపదేశకాండము ఐదవ అధ్యాయమున ఐగుప్తు దాస్యము కారణము: మీరు బానిసలై యుండి విడిపింపబడితిరి గనుక మీ దాసులను కూడ ఆ దినమున పనినుండి విడువుడని భావము. ఇటుకలు చేయుచు, కొరడా దెబ్బలు తినుచు, సెలవన్న మాట ఎరుగని జనమునకు ఇచ్చిన ఆజ్ఞ యిది. విడువవలసినవారి పట్టికలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, చివరకు ఊరిలో నివసించు పరదేశి యున్నారు. తరతరములుగా పరరాష్ట్రముల కూలి చేసికొని బ్రతికిన మనవారు ఆ చివరి మాటను తేలికగా దాటిపోజాలరు. ఎడారిలో మన్నా ఆరవనాడు రెండింతలు దొరకెనను కథకును ఇదియే అర్థము. ఒకనాడు కూడబెట్టకున్నను ఆకలితో చావరను ధైర్యము కలిగినవాడే చేయి ఆపగలడు.

కాలక్రమమున ఆ దినమున ఏది పని, ఏది కాదు అను నియమములు పెరిగెను. యేసు శిష్యులు పంటచేను దాటుచు వెన్నులు త్రుంచి తినుటయు, ఆయన చేయి ఎండిపోయిన వానిని ఆ దినముననే బాగుచేయుటయు వివాదములైనవి. ఆ దినము మనుష్యుని మేలుకొరకు ఏర్పడినదే గాని మనుష్యుడు దానికొరకు ఏర్పడలేదనుట ఆయన సమాధానపు సారము. ఆయన ఆజ్ఞను కొట్టివేయలేదు. దాని తొలి యుద్దేశమునకు మరలించెనని నా యభిప్రాయము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము మరియొక అడుగు ముందునకు వేసి, దేవుని ప్రజలకు విశ్రాంతి యింకను నిలిచియున్నదనియు, విశ్వాసముచే అందులో ప్రవేశింపవలెననియు బోధించును. ఇట దినము భావమైనది. క్రీ. శ. 400 ప్రాంతమున అగస్టీను తన ఆత్మకథను ఈ అస్తమయము లేని ఏడవ దినపు ప్రార్థనతోనే ముగించెను.

మరి శనివారము ఆదివారమెట్లయినది? యూదుల విశ్రాంతిదినము శుక్రవారము సూర్యాస్తమయమున మొదలై శనివారము సూర్యాస్తమయము వరకు నుండును. క్రీస్తు లేచినది వారపు మొదటి దినమని క్రైస్తవులు ఆ దినమున కూడుకొన నారంభించిరి. రెండవ శతాబ్ది నడుమ జస్టిన్ అను పండితుడు వీరు 'సూర్యుని దినమున' కూడుటను వర్ణించెను. కాని నాడది పని దినమే. ఆరాధన ముగించి పనికి పోవలసిన బానిసలు వారిలో నుండిరి. క్రీ. శ. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి ఆదివారమున న్యాయస్థానములు, పట్టణవాసుల వృత్తులు ఆగవలెనని శాసించెను. రైతులకు మాత్రము మినహాయింపు. విత్తుటకు అదను దాటరాదని కారణము చెప్పెను. మన భాషలో ఆదిత్యవారము ఆదివారమైనది. 'ఆది' యనగా మొదలు గనుక వారపు తొలిదినమను క్రైస్తవార్థమునకును ఆ పేరు అనుకోకుండ అమరినది. యానాములో ఫ్రెంచి నేర్చిన పెద్దలకు తెలిసినదే, ఆ భాషలో శనివారపు పేరు 'సమ్ది' షబ్బాత్ నుండియు, ఆదివారపు పేరు 'దిమాంష్' ప్రభువు దినమను లాటిను మాటనుండియు పుట్టినవి. రెండు దినముల తగవు ఆ రెండు మాటలలో నేటికిని నిలిచియున్నది. శనివారమునే పాటించు సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘము 1863లో అమెరికాలో ఏర్పడినది.

ఇంగ్లండులో ప్యూరిటనులు ఆదివారమును మిక్కిలి కఠినముగా పాటించిరి. 1618లో జేమ్సు రాజు ఆరాధన పిదప ఆటలు ఆడవచ్చునని ప్రకటించి వారి కోపమునకు గురియయ్యెను. ఆంగ్లేయుల కచేరీలతో ఆదివారపు సెలవు మన దేశమునకు వచ్చినది. అయితే అది కచేరీలలోనే ఆగినది. మిల్లు గేటు దాటలేదు. 1881 ఫ్యాక్టరీ చట్టము పిల్లలకు నెలకు నాలుగు సెలవులిచ్చి పెద్దలను మరచినది. బొంబాయి మిల్లులలో మన పద్మశాలీలు మొదలగు వారుండిరి. కామాఠీపురా పేటకు ఆ పేరు వచ్చినది తెలుగు కూలీలైన కామాఠీల వలననే. జోతీరావ్ ఫూలే సత్యశోధక సమాజమునకు బొంబాయి తెలుగువారు తోడ్పడిరి. ఆ సమాజమునకు చెందిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూర్చి, వారమునకొక దినము సెలవు కావలెనని అర్జీ పెట్టించెను. ఆయన క్రైస్తవుడు కాడు. ఆదివారము ఖండోబా దేవుని దినమని ఆయన వాదించెనని చెప్పుదురు. 1890 ఏప్రిల్ 24న పదివేలమంది కార్మికులు సభ చేసిరి. ఆ సంవత్సరము జూన్ 10న మిల్లు యజమానులు సెలవునకు ఒప్పుకొనిరి. 1891 చట్టము దానిని స్థిరపరచినది. ద్వితీయోపదేశకాండములోని ఆ పట్టిక లోఖండే ఎరుగునో లేదో గాని, దాసునికిని పరదేశికిని సెలవు తెచ్చినవారిలో ఆయన నొకనిగా నేను లెక్కింతును.

ఇంత చదివిన పిదప నేను ఆ బాలిక తండ్రివద్దకు పోయి పాఠము శనివారము సాయంకాలమునకు మార్చితిమని చెప్పితిని. బాలిక వచ్చినది, కాని మగ్గముల ఇండ్లనుండి వచ్చు ఇద్దరు బాలురు మానిరి. శనివారము సరుకు అప్పగించు దినమట, చేతిసాయము కావలెనట. ఆదివారమున ఆ యింట మగ్గము ఆగునా యని అడిగితిని. "సెలవు మిల్లువాళ్లకండి. మాకు ఎన్ని గజాలైతే అన్ని డబ్బులు" అని తండ్రి నవ్వెను. కాన్‌స్టంటైను రైతును విడిచినట్లు, మన చట్టములును ఈ యింటి గడపయొద్ద ఆగినవి. ఆ బాలురకు ఆదివారము ఉదయమున మాత్రము గంట తీరిక దొరకునట.

ప్రస్తుతము శనివారము కొందరికి, ఆదివారము కొందరికి పాఠము చెప్పుచున్నాను. బాలికకు గుణింతములు పూర్తియైనవి. బాలురు ఇంకను 'క' గుణింతముననే యున్నారు.