వేరుశనగలో అఫ్లాటాక్సిన్, అలర్జీ హెచ్చరికలు: అమ్మిన సరుకు వెనక్కి రాకుండా రైతు తీసుకోవాల్సిన జాగ్రత్తలు



మొన్న ఒక గ్రామసభలో వేరుశనగ రైతు ఒకాయన నన్ను నిలదీశాడు. "తూకం వేసి, డబ్బులిచ్చి, లారీకెక్కించుకుపోయిన కాయల్ని నెల తర్వాత బాగాలేవంటే మాకేం సంబంధం సార్?" అని. అడగడంలో తప్పులేదు. మనకు తెలిసిన బేరం కళ్లంలోనో, మార్కెట్ యార్డులోనో అయిపోతుంది. కానీ ఆహార వ్యాపారం ఇప్పుడు అలా లేదు. తినే మనిషికి హాని చేస్తుందని తేలిన సరుకును దుకాణాల నుంచి, ఒక్కోసారి కొన్నవాళ్ల ఇళ్ల నుంచి కూడా వెనక్కి రప్పిస్తారు. దీన్నే రీకాల్ అంటారు. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది. ఎలా చేయాలో చెబుతూ 2017లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ విడిగా నిబంధనలు తెచ్చింది.

అదే చట్టం 18వ సెక్షన్‌లో రైతుకు, పండించిన పంటకు మినహాయింపు ఉంది. పొలంలో పండించి కాయలుగా అమ్మినంత వరకు మీ మీద కేసు ఉండదు. అయితే కేసు లేనంత మాత్రాన నష్టం లేదనుకోవద్దు. వెనక్కి వచ్చిన సరుకు ఏ ఊరి నుంచి వచ్చిందో వ్యాపారి మరిచిపోడు. మరుసటి ఏడాది ఆ ఊరి కాయకు ధర తగ్గిస్తాడు, లేదా అసలు రాడు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన మండలంలో ఒక రైతు సంఘానికి ఇదే జరిగింది. పరీక్షలో వాళ్ల లాట్ తప్పింది. ఆ లాట్‌లో బాగా ఆరబెట్టినవాళ్ల కాయలూ ఉన్నాయి, తడి సంచులు తెచ్చినవాళ్ల కాయలూ ఉన్నాయి. ఎవరివి ఏవో రాసిపెట్టుకోలేదు. అందరికీ ఒకటే ధర కోశారు. బాగా ఆరబెట్టిన రైతుకు నేను ఆ రోజు సమాధానం చెప్పలేకపోయాను.

అఫ్లాటాక్సిన్ అంటే ఏమిటి?

ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే ఆకుపచ్చ బూజు తయారుచేసే విషం ఇది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతికితే అవి తిన్న వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న గ్రామాల్లో 397 మందికి కాలేయం దెబ్బతింది. 106 మంది చనిపోయారు. ఇంట్లో అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. దాన్ని పరిశోధించినవారు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. ఒకేసారి ఎక్కువ మోతాదులో తింటే ఇలా ప్రాణం తీస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఉడకబెడితే, వేయిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. బూజు చస్తుంది, విషం మాత్రం చాలావరకు మిగిలే ఉంటుంది.

ఎంత ఉంటే ప్రమాదం అన్న లెక్క వింటే మీరు నమ్మరు. ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగ గింజల్లో మన దేశంలో అనుమతించిన పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే టన్ను గింజల్లో 15 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. నేరుగా తినే గింజల్లో ఇది 10 మాత్రమే. ఐరోపా దేశాల్లో నేరుగా తినే వేరుశనగకు మొత్తం అఫ్లాటాక్సిన్ 4 దాటకూడదు. అమెరికాలో 20. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. వేల గింజల్లో ఏ నాలుగైదింటిలోనో బాగా ఎక్కువగా ఉంటుంది, ఆ నాలుగైదే లాట్ మొత్తాన్ని తప్పిస్తాయి. చెడు గింజలు ఏరివేయడానికి ఇంత విలువ ఎందుకుందో దీన్నిబట్టి గమనించండి.

బూజు ఎక్కడ మొదలవుతుంది?

గోదాములో అని అందరూ అనుకుంటారు. సగం కథ పొలంలోనే నడుస్తుంది. కాయ ఊరే దశలో, అంటే కోతకు ముందు చివరి నెల రోజుల్లో బెట్ట వస్తే నేల వేడెక్కి, గింజలో తేమ తగ్గి, బూజును తట్టుకునే శక్తి పోతుంది. వేరు పురుగు, చెదలు కొరికిన కాయలో, కలుపు తీసేటప్పుడు పార తగిలిన కాయలో అది సులభంగా చొరబడుతుంది. అనంతపురం, సత్యసాయి జిల్లాల ఎర్ర నేలల్లో వర్షాధారంగా వేసే రైతుకు ఈ బెట్ట ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు. బోరులో కాస్త నీరున్నవాళ్లు ఆ నెలలో ఒక్క తడి ఇచ్చినా దిగుబడితో పాటు ఈ రక్షణ కూడా దొరుకుతుంది. స్ప్రింక్లర్లు ఉంటే ఇంకా మేలు.

విత్తే ముందు ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కల్చర్‌ను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడిగోనె కప్పి వారం, పది రోజులు నీడలో మాగబెట్టి, నేలలో తేమ ఉన్నప్పుడు చల్లండి. తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. జిప్సంలోని కాల్షియం వల్ల డొల్ల గట్టిపడుతుంది, గింజ నిండుతుంది. గట్టి డొల్లలోకి బూజు దూరడం కష్టం. ఊడలు దిగిన తర్వాత మాత్రం అంతరకృషి చేయవద్దు.

కోత తొందరపడినా తప్పే, ఆలస్యమైనా తప్పే. నాలుగైదు చెట్లు పీకి కాయలు చిదిమి చూడండి. డొల్ల లోపలి వైపు తెల్లగా ఉంటే ఇంకా ముదరలేదు. నూటికి 75 నుంచి 80 కాయల్లో లోపల గోధుమ, నలుపు మచ్చలు కనిపిస్తే పీకవచ్చు. వాన కోసం, కూలీల కోసం ఎదురుచూస్తూ ముదిరిన పంటను నేలలో వదిలేస్తే గుత్తి రకాలు మొలకెత్తుతాయి. మొలకెత్తిన కాయ, పగిలిన కాయ బూజుకు తలుపు తీసినట్టే. కూలీల సంగతి నాకూ తెలుసు, అందరికీ ఒకే వారంలో కావాలి. అందుకే ఒకే రోజు పొలమంతా విత్తకుండా రెండు మూడు దఫాలుగా విత్తుకోమని చెబుతుంటాను. వాన మన మాట వింటేనే అనుకోండి.

పీకిన రోజు కాయలో 40 శాతం దాకా తేమ ఉంటుంది. దాన్ని 8, 9 శాతానికి దించాలి. పీకిన చెట్లను ఆకులు కిందికి, కాయలు పైకి ఉండేలా తిరగేసి వరుసలుగా పరచండి. పచ్చి చెట్లను పెద్ద వామిగా వేస్తే లోపల ఆవిరి పట్టి రెండు రోజుల్లో బూజు లేస్తుంది. కాయలు కోశాక టార్పాలిన్ మీద పలచగా ఆరబోసి రోజూ తిప్పండి, సాయంత్రం మంచు పడకముందే కప్పండి. వట్టి మట్టి కళ్లం మీద ఆరబెట్టవద్దు. ఆరిన కాయ చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది, గింజను వేళ్ల మధ్య నలిపితే పొర ఊడుతుంది. విత్తనానికి ఉంచుకునే యాసంగి కాయలను మాత్రం మండుటెండలో కాక నీడలో ఆరబెట్టాలి, లేకపోతే మొలక శాతం పడిపోతుంది.

ఇక నేను ఏళ్లుగా పోట్లాడుతున్న విషయం. కాయలు వలిచే మిషన్‌లో గింజ పగలకుండా ఉండాలని, తూకం కూడా పెరుగుతుందని ముందురోజు కాయల మీద నీళ్లు చల్లుతారు. నెల రోజులు కష్టపడి ఆరబెట్టిందంతా ఒక్క రాత్రిలో పోతుంది. నీళ్లు చల్లి, కుప్పపోసి, పట్టా కప్పిన కాయలకన్నా బూజుకు మంచి ఇల్లు లేదు. వ్యాపారి చల్లమన్నా ఒప్పుకోకండి. పగిలే గింజలు పగలనివ్వండి, జల్లెడ సైజు సరిచేస్తే పగుళ్లు కొంత తగ్గుతాయి.

ఏరిన గింజలు ఎటుపోతున్నాయి?

ముడతపడ్డవి, రంగు మారినవి, పుచ్చులు, బూజువి ఏరి పక్కన పెడతాం. బాగున్నవి అమ్మేసి, ఏరిన వాటితో ఇంట్లో చట్నీ చేసే అలవాటు ఇంకా పోలేదు. మంచివి పట్నం వాళ్లకు, విషం మన పిల్లలకు! దయచేసి మానండి. కొందరు గానుగకు వేస్తారు. రిఫైన్ చేసిన నూనెలో ఈ విషం పోతుంది గానీ గానుగ నూనెలో కొంత మిగులుతుంది, ఎక్కువ భాగం చెక్కలో చేరుతుంది. ఆ చెక్క పాడి పశువు తింటే విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. పాలకు పరిమితి ఇంకా తక్కువ, కిలోకు అర మైక్రోగ్రాము. బూజు గింజలను గొయ్యి తీసి పూడ్చడమే మేలు. పొలం గట్టున పారబోస్తే వచ్చే పంటకు బూజును మనమే విత్తినట్టు.

అలర్జీ హెచ్చరిక వేరు

అఫ్లాటాక్సిన్ అందరికీ విషమే. అలర్జీ అలా కాదు. పదిమందికి బలమిచ్చే పల్లీ ఆ పదకొండో మనిషికి ప్రాణం మీదకు తెస్తుంది. మన దగ్గర పల్లీ అలర్జీ పాశ్చాత్య దేశాలంత ఎక్కువగా కనిపించదు, కానీ లేదనలేం. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, నాలుక వాయడం, వాంతులు, ఆయాసం, గొంతు పూడుకుపోవడం కనిపిస్తాయి. ఆయాసం గానీ, గొంతు వాపు గానీ ఉంటే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిలో వెంటనే కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

2014 చివర్లో అమెరికాలో జీలకర్ర పొడిలో వేరుశనగ ప్రోటీన్ బయటపడింది. ప్యాకెట్ మీద ఎక్కడా పల్లీ పేరు లేదు. ఆ పొడి కలిసిన మసాలాలు, కూరలు, మాంసం ఉత్పత్తులు వందల సంఖ్యలో వెనక్కి తెప్పించారు. 2015లోనూ అవి వస్తూనే ఉన్నాయి. బూజు లేదు, పురుగుమందు లేదు, జీలకర్ర జీలకర్రే. లేబుల్ మీద చెప్పని పల్లీ ఒక్కటే తప్పు.

మనకిది ఎందుకంటే, వేరుశనగ పట్టిన జల్లెడలోనే నువ్వులు పడతాం, పల్లీలు తెచ్చిన గోతంలోనే ధనియాలు పోస్తాం. ఊళ్లో పిండిమర అన్నిటికీ ఒక్కటే. కాయలుగా, గింజలుగా యార్డుకు వేసేవాళ్లు కనీసం గోతాలు వేరుచేసుకుంటే చాలు. కానీ మహిళా సంఘాల ద్వారా నువ్వుల పొడి, కారప్పొడి, చిక్కీలు ప్యాక్ చేసి అమ్ముతున్న అక్కచెల్లెళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ప్యాక్ చేసిన క్షణం నుంచి మీరు చట్టం దృష్టిలో రైతులు కారు, ఆహార వ్యాపారులు. రిజిస్ట్రేషన్ ఉండాలి, లేబుల్ ఉండాలి.

2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ వంటి ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్య, పీత జాతి, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. "ఇందులో వేరుశనగ ఉంది" అని ఒక్క వాక్యం. కలపకపోయినా అదే మరలో పట్టి ఉంటే "వేరుశనగ కలిసి ఉండవచ్చు" అని రాయండి. మన జాబితాలో నువ్వులు లేవు. కానీ ఐరోపాలో ఎప్పటి నుంచో ఉన్నాయి, అమెరికాలో 2023 జనవరి 1 నుంచి చేర్చారు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పొడులు పంపేవాళ్లు, ఎగుమతిదారుకు సరుకు ఇచ్చేవాళ్లు నువ్వుల సంగతి కూడా రాయడం మంచిది. మర కడగడం కుదరకపోతే వరుస మార్చండి. పల్లీ లేనివన్నీ ముందు పట్టి, పల్లీ పొడి చివర పట్టి, ఆ తర్వాత మర పూర్తిగా శుభ్రం చేయండి.

ఒక నోటుపుస్తకం

ప్రతి దఫాకు ఒక లాట్ నంబరు ఇవ్వండి. తేదీయే నంబరుగా పెట్టుకోవచ్చు. ఏ రైతు గింజలు, ఎన్ని కిలోలు, ఏ మరలో పట్టారు, ఏ దుకాణానికి ఎన్ని ప్యాకెట్లు వెళ్లాయి, ఇవి రాయండి. గడువు తేదీ దాటాక ఇంకో ఏడాది ఆ పుస్తకం దాచండి. ఏదైనా తేడా తెలిస్తే అప్పుడు ఆ ఒక్క లాట్ మాత్రమే వెనక్కి తెస్తారు, పుస్తకం లేకపోతే ఆరు నెలల సరుకు మొత్తం తేవాలి. దుకాణాలకు ఫోన్ చేసి అమ్మకం ఆపించడం, జిల్లా ఆహార భద్రత అధికారికి తెలపడం, వచ్చిన ప్యాకెట్లు లెక్కపెట్టి వేరే గదిలో ఉంచడం, ఈ పనులు అదే రోజు జరగాలి. వెనక్కి వచ్చిన ప్యాకెట్ విప్పి కొత్త సంచిలో పోసి మళ్లీ అమ్మితే అది పొరపాటు కాదు, నేరం. అమెరికాలో 2008, 2009లో సాల్మొనెల్లా ఉన్న పల్లీ ఉత్పత్తులు తిని 9 మంది చనిపోయారు. పరీక్షలో చెడు ఫలితం వచ్చిందని తెలిసీ సరుకు పంపిన కంపెనీ అధిపతికి 2015లో 28 ఏళ్ల జైలుశిక్ష పడింది.

రైతు సంఘాలు లాట్ కలిపే ముందు ప్రతి రైతు సంచి నుంచి కిలో చొప్పున నమూనా తీసి, పేరు రాసి, విడిగా ఉంచండి. తేమ మీటరు సంఘానికి ఒకటి కొనండి. 9 శాతం దాటిన సంచి ఎవరిదైనా, సంఘం అధ్యక్షుడిదైనా సరే, ఆరబెట్టుకు రమ్మని వెనక్కి పంపండి. అఫ్లాటాక్సిన్ పరీక్ష ఎక్కడ చేయించాలో మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఫోన్ చేయండి. నమూనా తీసేటప్పుడు సంచి పైన చేయి పెట్టి గుప్పెడు తీస్తే సరిపోదు. పైన, మధ్య, అడుగు, మూడుచోట్ల నుంచి బొంగుతో తీసి కలపాలి.