రేకుపెట్టెలో రైలుదారి చరిత్ర

రైల్వేల చరిత్రను పాలనా నివేదికల ఆధారంగా, అంటే ఎంత పెట్టుబడితో ఎన్ని మైళ్ల దారి పడింది, ఏ ఏట ఎంత సరుకు నడిచింది అన్న లెక్కల మీదుగా రాయడం ఆనవాయితీ. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విషయంలో ఈ పద్ధతికి ఒక చిక్కు ఉంది. ఇక్కడి దారులను నడిపిన ప్రధాన కార్యాలయాలు మొదట కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లోను, ఆ తరువాత భువనేశ్వర్‌లోను ఉండటంవల్ల, ఆమదాలవలస, నౌపడ, బొబ్బిలి వంటి స్టేషన్ల దైనందిన జీవితానికి ఆ దూరపు దస్త్రాల్లో చోటు తక్కువ. పట్టాలను కాపాడే గ్యాంగ్‌మన్, దారి మళ్లించే పాయింట్స్‌మన్, బండి వెనుక పెట్టెలో ప్రయాణించే గార్డు, లైన్ క్లియర్ అనే అనుమతి చీటీ రాసే స్టేషన్ మాస్టరు తమ ఉద్యోగకాలంలో దాచుకున్న చెల్లుబాటు తీరిన కాగితాలకు, ఇంటి రేకుపెట్టెకు చేరిన చిన్నాచితకా వస్తువులకు ఇక్కడ విలువ పెరగడానికి కారణం ఇదే.

ఇటువంటి సేకరణను చదవడంలో మొదటి మెట్టు కాగితం నెత్తిన అచ్చయిన సంస్థ పేరు. బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం వెంట 1893–1896 మధ్య దశలవారీగా తెరుచుకున్న దారి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో మొదలైంది. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం 1901లో మద్రాసు రైల్వేకు వెళ్లగా, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల మీదుగా పోయే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. 1944లో ఆ కంపెనీ ప్రభుత్వపరం కావడం, 1952లో తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే ఏర్పడటం వరుసగా జరిగిన మార్పులు. తేదీ చెరిగిపోయిన ఒక సెలవు చీటీ గాని, ప్రయాణపు పాసు గాని ఏ కాలానిదో ఈ శీర్షికను బట్టే ఉజ్జాయింపుగా తేల్చవచ్చు.

రెండో మెట్టు స్టేషన్ల పేర్లు. ప్రధాన మార్గం శ్రీకాకుళం పట్టణంలోకి రాకుండా ఆమదాలవలస మీదుగా పోవడంతో, అక్కడి స్టేషన్‌కు చికాకోల్ రోడ్ అని పేరు పడింది. రైల్వే పరిభాషలో పేరు చివరన ‘రోడ్’ అంటే, ఆ ఊరు పట్టాలకు దూరంగా ఉంది, ఇక్కడ దిగి బండి మీదనో కాలినడకనో చేరుకోవాలి అని అర్థం. మందస రోడ్ కూడా ఈ కోవలోదే. తరువాత బోర్డు మీద పేరు శ్రీకాకుళం రోడ్‌గా మారినా, తంతి వార్తల కోసం పెట్టుకున్న సంక్షిప్త గుర్తు మాత్రం ‘సీహెచ్ఈ’గానే నిలిచింది. శ్రీకాకుళం అన్న పేరులో లేని ఆ అక్షరాలు ఆంగ్లేయుల నోట పలికిన చికాకోల్‌ను ఇప్పటి టికెట్ల మీద కూడా గుర్తుచేస్తున్నాయి.

ఈ ప్రాంతపు సేకరణల్లో ప్రత్యేక స్థానానికి అర్హమైనది పర్లాకిమిడి లైట్ రైల్వే. లైట్ రైల్వే అంటే తక్కువ ఖర్చుతో, తేలిక పట్టాలతో, తక్కువ వేగానికి సరిపడేలా వేసిన దారి. రెండు పట్టాల మధ్య దూరం ప్రధాన మార్గంలో 1,676 మిల్లీమీటర్లు కాగా, ఇక్కడ 762 మిల్లీమీటర్లే ఉండేది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ పూనికతో, సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో నిర్మించిన ఈ 40 కిలోమీటర్ల దారి, ఉప్పు కొఠార్లకు పేరొందిన నౌపడలో బయలుదేరి టెక్కలి, పాతపట్నం మీదుగా సంస్థాన రాజధాని పర్లాకిమిడికి చేరుతూ 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. 1929–1931 మధ్య రెండు దశల్లో గుణుపురం దాకా సాగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగలగా, పర్లాకిమిడి అటు పోయింది. సవర భాషను అధ్యయనం చేసి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఆ విభజనను అంగీకరించక పర్లాకిమిడిని విడిచి రాజమండ్రి వెళ్లడం సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. రైలుబండి మాత్రం సరిహద్దుకు ఇరువైపులా నడుస్తూనే వచ్చింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి కొన్న టికెట్టు 1936కు ముందు ఒకే రాష్ట్రంలోని ప్రయాణానికీ, తరువాత రెండు రాష్ట్రాల మధ్య ప్రయాణానికీ సాక్ష్యం. 2004లో ఈ సన్నదారి మూతపడి, పెద్ద పట్టాలతో 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు తిరిగి తెరుచుకుంది. దాంతో పాత బండికి సంబంధించిన ప్రతి కాగితమూ మళ్లీ పుట్టని వస్తువుగా మారింది.

అట్ట టికెట్టు చరిత్ర కూడా రైల్వే ఉద్యోగితోనే ముడిపడింది. ఇంగ్లండులో స్టేషన్ ఉద్యోగి అయిన థామస్ ఎడ్మండ్‌సన్ 1830ల చివర రూపొందించిన ఈ చిన్న అట్టముక్క సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వరుస సంఖ్య ముందే అచ్చయి ఉండటంతో ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో సాయంత్రానికి లెక్క తేలేది, అమ్మే వేళ యంత్రంలో నొక్కితే తేదీ పడేది. ప్రయాణం ముగిశాక గేటు దగ్గర తిరిగి తీసుకునే నియమం ఉండటమే నేడు ఇవి అరుదు కావడానికి మూలం.

లైన్ క్లియర్ కాగితం ఇంతకన్నా అరుదైనది. ఒకే వరుస పట్టాలున్న దారిలో రెండు స్టేషన్ల నడుమ ఒక్క బండే ఉండాలి కనుక, స్టేషన్ మాస్టరు తంతి ద్వారానో టెలిఫోను ద్వారానో ముందున్న స్టేషన్ అనుమతి పొంది, దాన్ని చీటీ మీద రాసి డ్రైవరుకు ఇచ్చేవారు. ఆ చీటీలో బండి సంఖ్య, సమయం, ఇచ్చినవారి సంతకం ఉండటంవల్ల, ఏ రాత్రి ఏ బండి ఎంత ఆలస్యంగా కదిలిందో కూడా తెలుస్తుంది.

విజయనగరం వైపు సేకరణల్లో సరుకు రవాణా కాగితాలకు ప్రాధాన్యం ఎక్కువ. 1890ల ఆరంభంలోనే మాంగనీసు తవ్వకాలు మొదలైన నేల ఇది. 1909లో పార్వతీపురం దాకా పడిన శాఖ 1931లో రాయపూర్‌తో కలిసి, 1933లో తెరుచుకున్న విశాఖపట్నం రేవుకు మధ్య భారతపు సరుకును చేర్చింది. ఇదే కాలంలో ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికి ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. కార్మికుడి పాసులో కుటుంబ సభ్యుల వివరాలు, బయలుదేరే, చేరే స్టేషన్లు రాయవలసి ఉండటంతో, పండక్కి ఊరికి వచ్చిపోయిన ఆ వలస జీవితం అందులో నమోదైంది.

ఒకరి సేకరణ ప్రాంతానికంతటికీ ఉపయోగపడిన ఉదాహరణ శ్రీకాకుళంలోనే ఉంది. ఉపాధ్యాయుడైన కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం, తెలుగు కథలకు ఆధారపీఠంగా ఎదిగింది. కథకు రచయిత పేరు, పత్రిక, తేదీ అచ్చులోనే దొరుకుతాయి. రైల్వే వస్తువుకు అటువంటి చిరునామా ఉండదు. చేతిదీపం ఏ స్టేషన్‌లో వెలిగిందో, దాన్ని పట్టుకున్నవారు ఏ పని చేసేవారో దాచుకున్న మనిషికే తెలుసు. అందుకే సేకరణలో వస్తువుతో పాటు, అది వచ్చిన చోటు, వాడిన కాలం, ఇచ్చినవారి మాట కూడా అదే రోజున రాసి ఉంచడం అవసరం. అది జరగనిచోట పెట్టె వారసులకు చేరేసరికి దీపం పాత ఇనుముగానూ, లైన్ క్లియర్ చిత్తు కాగితంగానూ మారిపోతాయి.