చందమామ పోరంబోకు

మా పల్లె పక్క గుట్ట పోరంబోకు. రికార్డుల్లో ఎవరిదీ కాదు. గ్రావెల్ మాత్రం లారీలున్నోడిది.

చంద్రుడి కథా అంతే మిత్రులారా. 1967 అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ దాన్ని సొంతం చేసుకోకూడదంది. తవ్విన ఖనిజం ఎవరిదో చెప్పలేదు. ఆ సందులోంచే అమెరికా దూరింది. తవ్విన కంపెనీదే ఖనిజమని 2015లో సొంతంగా చట్టం చేసుకుంది. చంద్రుడు మానవాళి ఉమ్మడి వారసత్వమన్న 1979 ఒప్పందంపై మన దేశం 1982లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. 2023లో అమెరికా నడిపే ఆర్టెమిస్ ఒప్పందంలో మాత్రం చేరింది. దాని ప్రకారం, తవ్వుకున్నంత మాత్రాన సొంతం చేసుకున్నట్టు కాదట!

నిజానికి ఏ కంపెనీ ఇంకా అక్కడి నుంచి గుప్పెడు మట్టి తేలేదు. ఖర్చు అంత. హక్కులు మాత్రం ముందే పంచుకున్నారు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా తీర్పు చెప్పింది. ఆ పాఠం రోజున ఒక విద్యార్థిని అడిగింది: "చంద్రుడి తరఫున కోర్టుకెవరెళ్తారు సార్?"