శిబిరానికి ముందు ఊళ్ళో ఏముండాలి?

ట్రయథ్లాన్ అంటే ఏమిటో మనవైపు ఇప్పటికీ వివరించి చెప్పాల్సిందే. ఈత, సైకిలు, పరుగు... మూడూ మధ్యలో ఆపకుండా ఒకదాని వెంట ఒకటి చెయ్యాలి. ఒలింపిక్ దూరాలైతే ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో 46 మందితో మొదలైన ఈ పందెం 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి చేరింది.

సరిగ్గా ఆ సిడ్నీలోనే మొదటిసారి అడుగుపెట్టిన ఇంకో ఆట, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్. సెప్టెంబరు 16న మహిళల ట్రయథ్లాన్ జరిగితే, మూడు రోజుల తర్వాత 19న మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ! బంగారం, వెండి గెలిచినవాళ్ళు ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలేనన్నమాట.

రెండు ఆటలకీ ఒకేసారి తలుపు తెరిచారు. ఒకదానికి మా శ్రీకాకుళం పిల్ల అప్పటికే సిద్ధంగా ఉంది. రెండోదానికి దేశం మొత్తమ్మీద ఒక్కరు కూడా వెళ్ళలేదు. ఎందుకని?

శిక్షణ శిబిరాలు లేకపోవడమే కారణం అని చాలామంది అంటారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. మల్లీశ్వరి కథే చూడండి. 1990లో జాతీయ శిబిరానికి ఎంపికైంది ఆవిడ కాదు, అక్క కృష్ణకుమారి. చెల్లెలు తోడుగా వెళ్ళింది, అంతే. అక్కడ లియొనిద్ తరానెంకో కంట పడింది. ఆయనేమీ మామూలు మనిషి కాదు, 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత, 1988లో 266 కిలోలు ఎత్తినవాడు. ఈ సంగతిని అందరూ అదృష్టం కింద చెప్పుకుంటారు. కానీ ఆ పిల్ల అప్పటికే కొన్నేళ్ళుగా నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులు ఎత్తుతోంది. చూసే కన్ను శిబిరంలో ఉంది సరే, చూడ్డానికి తగిన పని ఊళ్ళోనే తయారైంది.

ఇంకాస్త వెనక్కి వెళితే, 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు కనిపిస్తారు (ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది లెండి). తాలింఖానాలు, కర్రసాములు మన ఉత్తరాంధ్రకి కొత్త కాదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ చూడండి, బరువులెత్తే ఊరని పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఊళ్ళో ఒక ఇనుప కడ్డీ, నాలుగు చక్రాలు, నేర్పే మనిషి ఒకరు. ఆ తర్వాతే శిబిరం.

మా ఉద్యోగాల్లోనూ ఇంతే కదా! ఇంటర్వ్యూ దాకా వచ్చినవాళ్ళలోంచే కంపెనీ ఎంచుకుంటుంది. అక్కడిదాకా రాలేనివాడు ఏ లెక్కలోకీ రాడు.

ట్రయథ్లాన్ శిబిరాల్లో పిల్లలకి నేర్పేవి చిన్న చిన్న కిటుకులే. అలల మధ్య తలెత్తి దిక్కు చూసుకుంటూ ఈదడం, నీళ్ళలోంచి రాగానే సైకిలు ఎక్కడం, గుంపులో ఒకరి వెనక ఒకరు గాలి తప్పించుకుంటూ తొక్కడం, సైకిలు దిగిన బరువు కాళ్ళతో పరుగు అందుకోవడం. పది రోజుల్లో వీటికి మెరుగు పెట్టొచ్చు. పది రోజుల్లో ఈత రాదు, ఊపిరి పెరగదు.

మాది కాశీబుగ్గ. కొంచెం తూర్పుకి వెళితే వజ్రపుకొత్తూరు తీరం. జీడితోటల మధ్య రోడ్లు. బెస్తవాళ్ళ పిల్లలకి సముద్రం కొత్త కాదు. ఆటకి కావలసిన నేల, నీరు రెండూ ఉన్నాయి. లేనిది అప్పన్న గారిలాంటి మనిషి.

ఒక్క హెచ్చరిక మాత్రం చెయ్యాలి. ఇది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్ళని తినేసిన చోట, కారణం ఇదీ అని ఇంకా తేలని చోట, పిల్లల్ని ఎండలో గంటలకొద్దీ పరుగెత్తిస్తే ఊరుకోకూడదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇక్కడ ఏ శిబిరం పెట్టినా ముందు మంచినీళ్ళు, తెల్లవారుజాము సాధన, రక్తపరీక్ష. ఆ తర్వాతే స్టాప్‌వాచీ.

కాబట్టి నన్నడిగితే, విశాఖలోనో హైదరాబాదులోనో ఏడాదికోసారి పెట్టే పెద్ద శిబిరం కన్నా, పలాసలో ఏడాది పొడుగునా తెరిచి ఉండే ఒక ఈతకొలను, జీతమిచ్చి పెట్టిన ఒక కోచ్ ఎక్కువ పని చేస్తాయి. మల్లీశ్వరికి తోడుగా వెళ్ళడానికి ఒక అక్క ఉంది. అందరికీ ఉండరు కదా!