కీమేన్ సుత్తి

నౌపడలో ఇనుము నిలవదు. గునపం వాకిట్లో వదిలేస్తే వానాకాలం దాటేసరికి పొరలు పొరలుగా లేస్తుంది. స్టేషన్ దాటితే ఉప్పుమడులు, ఆ వెనక సముద్రం. అలాంటి చోట పర్లాకిమిడి రాజావారు 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు పరిపించి పర్లాకిమిడికి రైలు నడిపించారు. 1931కి అది గుణుపురం దాకా పోయింది, మొత్తం 90 కిలోమీటర్లు.

ఆ లైన్లో నేను కీమేన్‌ని. సుత్తి భుజాన వేసుకుని బోల్టు బోల్టూ తట్టుకుంటూ పోవడమే పని. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది. కంటికంటే చెవే ముఖ్యం. "ఒరే, తుప్పు పైన కనిపించిందంటే లోపల పనయిపోయినట్టేరా" అనేవాడు మా మేస్త్రీ.

2004 జూన్‌లో చిన్నరైలు ఆగిపోయేనాటికే ఆ ఖంగు నాకు వినబడటం మానేసింది. ఒక డాక్టరు వయసన్నాడు, చెవికి మిషను పెట్టాడు. తర్వాత పొయ్యి మీద ఎండుచేపలు మాడుతున్నా వాసన తెలియలేదు, మా ఆవిడ తిట్టిపోసింది. ఆ పైన ఉప్పుమడి గట్టు మీద నడుస్తూ రెండుసార్లు మడిలోకి ఒరిగిపోయాను. చిన్నప్పట్నుంచీ పరుగెత్తిన గట్టది!

విశాఖలో ఎమ్మారై తీశారు. ఫిల్ములో మెదడు అంచు పొడుగునా కాటుక దిద్దినట్టు నల్లగీత. పందొమ్మిదో ఏట ముంజెల కోసం తాటిచెట్టెక్కి పడ్డాను. అప్పుడు వెన్ను లోపలి పొర చిరిగిందట. అక్కణ్ణుంచి ఇన్నేళ్ళూ నెత్తురు బొట్టు బొట్టుగా, మెదడునీ వెన్నుపామునీ తడిపే నీటిలోకి ఊరుతూనే ఉంది. నెత్తురులోని ఇనుము అక్కడే పేరుకుంది. వినికిడి నరం ఆ నీటిలో చాలా దూరం సాగుతుంది కాబట్టి ముందు దెబ్బతినేది అదేనట.

జబ్బు పేరు సూపర్‌ఫిషియల్ సిడెరోసిస్. హామిల్ అనే వైద్యుడు 1908లోనే దీని గురించి రాశాడు. కానీ చాలాకాలం ఇది శవపరీక్షలోనే బయటపడేది. బతికున్న మనిషిలో తేలిగ్గా పట్టుకోగలగడం 1980ల్లో ఎమ్మారై వచ్చాకే. అంటే నేను చెట్టు మీంచి పడ్డనాడు ఎవరికి చూపించినా లాభం లేదు.

ముందు చిరుగు కుట్టారు. పట్టాల పనీ అంతే, నీరు నిలిచే చోటు సరిచేయకుండా తారు పూస్తే ఏం లాభం? తర్వాత డెఫెరిప్రోన్ బిళ్ళలు. తలసీమియా పిల్లలకిచ్చే మందే, ఒంట్లో ఇనుముని పట్టి బయటికి పంపుతుంది. తెల్లకణాలు పడిపోతాయేమోనని వారం వారం రక్తపరీక్ష. పోయిన చెవి మాత్రం తిరిగి రాదని ముందే చెప్పేశారు.

రిటైరైననాడు సుత్తి అప్పజెప్పాలి. నేను అప్పజెప్పలేదు. దసరాకి బొట్టు పెట్టేముందు గరుకు కాగితంతో రుద్ది, ఆముదం రాసి, గడప రాతి మీద ఒక దెబ్బ కొడతాను. ఖంగుమందో లేదో మనవడు చెప్పాలి.